పటం వారిది, ప్రాణం ఎవరిది?

1940 మార్చి 30వ తేదీ. ఇరాక్‌లో బగ్దాదుకు పశ్చిమాన, ఫురాత్ నది ఒడ్డున ఉన్న హబ్బానియా విమాన స్థావరం నుండి ఒక చిన్న విమానం లేచింది. దాని మీద సైనిక చిహ్నాలేవీ లేవు. చూసినవారు దాన్ని మామూలు పౌర విమానమనే అనుకుంటారు. కాని దానిలో రహస్యంగా కెమెరాలు అమర్చి ఉన్నాయి. నడిపేవారు బ్రిటిష్ వారు. అది కాస్పియన్ సముద్ర తీరంలోని బాకూ నగరం మీద చాలా ఎత్తున తిరిగి, కింద ఉన్న చమురు బావులకు, శుద్ధి కర్మాగారాలకు ఫోటోలు తీసుకొని వెనక్కి వచ్చేసింది. ఏప్రిల్ 5న మరోసారి వెళ్లి, నల్ల సముద్ర తీరంలోని బటూమీ రేవుకు ఫోటోలు తీసింది. ఈసారి మాత్రం కింది నుండి సోవియట్ ఫిరంగులు పేలాయి.

అప్పటికి బ్రిటన్‌కు, సోవియట్ యూనియన్‌కు మధ్య యుద్ధం లేదు. లండన్‌లో సోవియట్ రాయబారి ఉన్నాడు. అయినా ఆ ఫోటోల ఆధారంగా ఏ బాంబు ఎక్కడ వేయాలో గుర్తులు పెట్టుకున్నారు. ఆ పథకానికి బ్రిటిష్ వారు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ పైక్'. ఫ్రాన్స్ అందులో భాగస్వామి. నిజం చెప్పాలంటే బ్రిటన్ కంటే ఫ్రాన్స్‌కే తొందర ఎక్కువ.

చివరకు బాంబులు పడలేదు. బాకూ మిగిలింది. జరగని దాడి గురించి ఇన్నేళ్ల తర్వాత ఈ శుక్రవారం పేజీలో రాయవలసిన అవసరమేమిటని పాఠకులు అడగవచ్చు. జరిగిన యుద్ధంలో పొగ, ఏడుపు, జెండాలు అన్నీ కలిసిపోయి ఎవరు ఏమి ఆలోచించారో కనబడదు. జరగని యుద్ధంలో కాగితాలు మాత్రమే మిగులుతాయి. ఆ కాగితాలలో పెద్ద రాజ్యాలు చిన్న ప్రజలను ఏ లెక్కలో రాసుకుంటాయో స్పష్టంగా చదవవచ్చు. అందుకే రాస్తున్నాము.

ముందుగా నాటి పరిస్థితిని గుర్తు చేసుకుందాం. 1939 ఆగస్టు 23న హిట్లర్ జర్మనీ, స్టాలిన్ సోవియట్ యూనియన్ ఒకరి మీద ఒకరు దాడి చేయబోమని ఒప్పందం చేసుకున్నాయి. సెప్టెంబరు 1న జర్మనీ పోలెండ్ మీద పడింది. 3న బ్రిటన్, ఫ్రాన్స్ జర్మనీపై యుద్ధం ప్రకటించాయి. 17న సోవియట్ సైన్యం తూర్పు వైపు నుండి పోలెండ్‌లో ప్రవేశించింది. నవంబరు 30న చిన్న దేశమైన ఫిన్లాండ్ మీద కూడా దాడి చేసింది. అందుకు నానాజాతి సమితి డిసెంబరులో సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది. 1940 ఫిబ్రవరిలో జర్మనీ, సోవియట్ యూనియన్ వాణిజ్య ఒప్పందం చేసుకున్నాయి. సోవియట్ చమురు, ధాన్యం జర్మనీకి, జర్మన్ యంత్రాలు మాస్కోకు వెళ్లసాగాయి.

హిట్లర్ యుద్ధ వాహనాలు కదలాలంటే చమురు కావాలి. సోవియట్ చమురులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క బాకూ ప్రాంతం నుండే వచ్చేది. బాకూను కాల్చివేస్తే ఒకే దెబ్బకు హిట్లర్‌కు చమురు ఆగుతుంది, స్టాలిన్ నడుమూ విరుగుతుంది. పారిస్‌లో వేసిన లెక్క ఇది.

1940 జనవరి 19న ఫ్రెంచి ప్రధాని దలాదియే తన సేనాధిపతి జనరల్ గామెలిన్‌ను, నౌకాదళాధిపతి దార్లాన్‌ను ఒక నివేదిక అడిగాడు. రష్యా చమురును దెబ్బతీయడం ఎలా అన్నది ప్రశ్న. ఆలోచించమని ఆయన సూచించిన మార్గాలు మూడు. నల్ల సముద్రంలో జర్మనీకి వెళ్లే చమురు ఓడలను అడ్డుకోవడం మొదటిది. కాకసస్ ప్రాంతం మీద నేరుగా దాడి చేయడం రెండవది. కాకసస్‌లోని ముస్లిం జనులలో విముక్తి ఉద్యమాలను రెచ్చగొట్టడం మూడవది.

పాఠకులు ఈ రెండవ మార్గాన్ని, మూడవ మార్గాన్ని పక్కపక్కన పెట్టి మరొకసారి చదవాలి. ఒక వాక్యంలో ఆ ప్రజల మీద బాంబులు. తర్వాతి వాక్యంలో అదే ప్రజలకు విముక్తి. రెండూ ఒకే కాగితం మీద, ఒకే ప్రధాని సంతకంతో. రాసేటప్పుడు ఎవరి చేయీ వణకలేదు. కారణం ఏమంటే వారి దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేదు. రెండూ మాస్కోను దెబ్బతీసే పనిముట్లే. ఒకటి మంట, ఒకటి తిరుగుబాటు. తిరుగుబాటు చేస్తే ఆ ముస్లింల గతి ఏమవుతుంది, నగరం కాలిపోతే వారి పిల్లలు ఎక్కడ తలదాచుకుంటారు అన్న ప్రశ్నకు ఆ మూడు మార్గాలలో చోటు లేదు.

పథకం అమలయ్యే దారిని కూడా చూడండి. ఫ్రెంచి బాంబర్లు సిరియా నుండి లేవాలి. సిరియా అప్పుడు ఫ్రాన్స్ చేతిలో ఉంది. బ్రిటిష్ బ్లెన్‌హీమ్ బాంబర్లు ఇరాక్ నుండి లేవాలి. ఇరాక్‌కు 1932లోనే స్వాతంత్ర్యం వచ్చిందని పేరే గాని, ఒడంబడిక పేరుతో బ్రిటిష్ స్థావరాలు అక్కడే ఉన్నాయి. ఆ విమానాలు బాకూ చేరాలంటే తుర్కీ ఆకాశమో, ఇరాన్ ఆకాశమో దాటాలి. ఆ రెండూ ఈ తగాదాలో లేని దేశాలు. లేచేది ముస్లింలు నివసించే నేల మీది నుండి, దాటేది వారి ఆకాశం, పడేది వారి ఇళ్ల మీద. నిర్ణయం మాత్రం పారిస్‌లో, లండన్‌లో. బగ్దాదులో గాని, దమిష్క్‌లో గాని, తెహ్రాన్‌లో గాని, బాకూలో గాని ఒక్క సామాన్యుణ్ణి అడిగింది లేదు.

మనల్ని మాత్రం అడిగారా? 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నదని ఒక్క ప్రకటనతో తేల్చివేశాడు. ఈ దేశ నాయకులలో ఎవరినీ సంప్రదించలేదు. దానికి నిరసనగానే రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం కూడా ఆ అక్టోబరులోనే దిగిపోయింది.

సుమారు నూరు బాంబర్లు చాలునని, పని రోజుల లెక్కలో, వారాల లెక్కలో ముగుస్తుందని సైనికాధికారులు అంచనా కట్టారు. బాకూ చుట్టుపక్కల నేల ఏళ్ల తరబడి చమురుతో తడిసిపోయింది గనుక ఒకసారి అంటుకుంటే మంట పరిసర ప్రాంతమంతా పాకుతుందని, ఆర్పడానికి నెలలు పడుతుందని కూడా నాటి ఫ్రెంచి పత్రాలలో రాసుకున్నారు. ఇది వారికి భయపడవలసిన విషయంగా కనబడలేదు, పథకానికి అనుకూలమైన అంశంగా కనబడింది. నేల అంటుకుంటే ఆ నేల మీది మనుషులు ఏమవుతారో ఊహించడానికి సేనాధిపతి కానక్కరలేదు గదా!

ఆ మనుషులెవరు? బాకూ పెద్ద కార్మిక నగరం. 1900 ప్రాంతంలో ప్రపంచం వాడే చమురులో దాదాపు సగం అక్కడి బావుల నుండే వచ్చేది. పని వెతుక్కుంటూ ఎందరో ఆ ఊరికి చేరారు. అజర్‌బైజాన్ ముస్లింలతో పాటు రష్యన్లు, ఆర్మీనియన్లు, యూదులు పక్కపక్క వీధుల్లో బతికేవారు. బాంబు పడితే వారిలో ఎవరినీ మతం అడిగి వదలదు.

ఇలా రాస్తున్నామంటే స్టాలిన్ పాలనను వెనకేసుకు వస్తున్నామని ఎవరూ అనుకోరాదు. బాకూ శివారులో బీబీ హైబత్ అనే చోటు ఉంది. ప్రాచీనమైన చమురు క్షేత్రం అక్కడే. 13వ శతాబ్దినాటి మస్జిదు కూడా అక్కడే ఉండేది. 1936లో సోవియట్ ప్రభుత్వం ఆ మస్జిదును కూల్చివేసింది. నమాజు చేసుకునే చోటును తమ పాలకులే నేలమట్టం చేశారు. నాలుగేళ్లకు, మీకు విముక్తి తెస్తామనేవారు అదే చోట బాంబులు వేయడానికి ఫోటోలు తీసుకున్నారు. ఆ రెంటి మధ్య నిలబడిన సామాన్యునికి ఎవరు మిత్రుడు? 1991లో అజర్‌బైజాన్ స్వతంత్ర దేశమైన తర్వాత గాని బీబీ హైబత్‌లో మళ్లీ మస్జిదు లేవలేదు.

మేము ఇక్కడ ఒక న్యాయమైన వాదనకు జవాబు చెప్పాలి. హిట్లర్ వంటి దుర్మార్గుడు ఎదురుగా ఉన్నప్పుడు అతనికి అందే చమురును ఆపాలనుకోవడం తప్పా? యుద్ధంలో ఉన్న రాజ్యం అన్ని అవకాశాలను ముందుగా ఆలోచించి పెట్టుకోవద్దా? ఆలోచించాలి. ఆలోచించని సేనాధిపతి తన ప్రజలకు ద్రోహం చేసినవాడవుతాడు. హిట్లర్‌ను ఆపడం మానవజాతి మొత్తానికి అవసరమే. అందులో మాకు సందేహం లేదు.

కాని ఈ పథకం ఆ పనికి పనికివచ్చేదేనా? జర్మనీకి చమురు ప్రధానంగా వచ్చేది రుమేనియా నుండి. బాకూ కాలినా జర్మన్ ట్యాంకులు ఆగేవి కావు. పైగా సోవియట్ యూనియన్ పూర్తిగా హిట్లర్ పక్షాన యుద్ధంలోకి దిగే ప్రమాదం ఉంది. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా భారతదేశం వైపు సోవియట్లు ఒత్తిడి తెస్తారేమోనన్న భయం బ్రిటిష్ వారికే ఉండేది. తుర్కీ మరీ జాగ్రత్తగా ఉంది. 1939 అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్స్‌లతో ఒప్పందం చేసుకున్నప్పుడే, సోవియట్ యూనియన్‌తో యుద్ధానికి దారితీసే పని ఏదీ తమ చేత చేయించరాదని షరతు రాయించుకుంది. చిన్న రాజ్యాలకు ఉన్న ఈపాటి ముందుచూపు పెద్ద రాజ్యాలకు లేకపోయింది.

మార్చి నెలలో ఫిన్లాండ్ యుద్ధం ముగిసింది. దలాదియే దిగిపోయి రేనో ప్రధాని అయ్యాడు. ఆయన బాకూ పథకాన్ని ఇంకా ముందుకు తోశాడు. బ్రిటిష్ ప్రధాని చేంబర్లేన్ వెనుకాడాడు. ఇంతలో ఏప్రిల్ 9న హిట్లర్ నార్వే, డెన్మార్క్‌ల మీద, మే 10న ఫ్రాన్స్ వైపు దండెత్తాడు. ఆరు వారాలలో ఫ్రాన్స్ కూలిపోయింది. పరుల నగరాన్ని వారాలలో కాల్చివేయగలమని లెక్కలు కట్టినవారు తమ రాజధానినే కాపాడుకోలేకపోయారు. జూన్‌లో లా షారిటే అనే ఊరి వద్ద ఆగిపోయిన రైలులో ఫ్రెంచి సైనిక పత్రాలు జర్మన్ల చేతికి చిక్కాయి. వాటిని జర్మనీ లోకమంతటికీ ప్రకటించింది. రహస్య పథకం శత్రువుకు ప్రచార సాధనమైంది.

ఆ తర్వాతి కథ మరీ విచిత్రం. 1941 జూన్‌లో కూడా, జర్మనీకి సోవియట్ యూనియన్ లొంగిపోతుందేమోననే అనుమానంతో, ఇరాక్‌లోని మోసుల్ నుండి బాకూపై దాడికి బ్రిటిష్ వారు మళ్లీ ఏర్పాట్లు మొదలుపెట్టారు. జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీదనే దండెత్తాడు. ఆ రాత్రే చర్చిల్ రేడియోలో రష్యాకు తోడుగా నిలుస్తామని ప్రకటించాడు. నిన్నటి లక్ష్యం నేటి మిత్రుడైంది. కాల్చివేయాలనుకున్న ఆ చమురే ఎర్రసైన్యం ట్యాంకులను, విమానాలను నడిపింది. 1941లో బాకూ 2 కోట్ల 30 లక్షల టన్నులకు పైగా చమురు ఇచ్చింది. హిట్లర్ 1942లో ఆ చమురు కోసమే కాకసస్ వైపు కదిలి, స్టాలిన్‌గ్రాడ్ వద్ద నడుము విరగ్గొట్టుకున్నాడు. 1940లో ఆ నగరం బూడిదై ఉంటే హిట్లర్‌తో యుద్ధం ఏ మలుపు తిరిగేదో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

కొత్త స్నేహానికి మూల్యం చెల్లించినది మళ్లీ మరొకరే. 1941 ఆగస్టు 25న బ్రిటన్, సోవియట్ సైన్యాలు కలిసి తటస్థ దేశమైన ఇరాన్‌లో ప్రవేశించాయి. రష్యాకు సరుకులు చేరవేయడానికి ఆ దారి కావలసి వచ్చింది. బ్రిటిష్ పక్షాన వెళ్లిన సైన్యంలో ప్రధాన భాగం భారతీయ డివిజన్లే. పరాయి పాలకుల ఆజ్ఞతో మన పల్లెల బిడ్డలు మరొక దేశపు గడప దాటవలసి వచ్చింది. రజా షా సింహాసనం వదిలి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి సంవత్సరాలలో ఇరాన్ ప్రజలు తిండి కరువుతో, టైఫస్ జ్వరంతో అల్లాడిపోయారు.

కాకసస్ ముస్లింలను రెచ్చగొట్టాలన్న ఆలోచన ఫ్రెంచి వారితో ఆగలేదు. 1942లో ఆ కొండలకు చేరిన జర్మన్లు కూడా మీ మతానికి స్వేచ్ఛనిస్తామన్నారు. ఎర్రసైన్యంలో చేరి జర్మన్లతో పోరాడిన ముస్లింలు ఎందరో ఉన్నారు. అయినా కొందరు శత్రువుతో కలిశారన్న నెపంతో స్టాలిన్ జాతులకు జాతులనే శిక్షించాడు. 1944 ఫిబ్రవరి 23న మొదలుపెట్టి చెచెన్, ఇంగుష్ ప్రజలు సుమారు 5 లక్షల మందిని, పిల్లలతో, ముసలివారితో సహా, రైలు పెట్టెలలో కుక్కి కజకిస్తాన్, కిర్గిజియాలకు తరలించారు. చలికి, ఆకలికి వేలకు వేలు చనిపోయారు. 1957 వరకు వారికి స్వస్థలం దక్కలేదు. వారి ప్రాంతంలోని గ్రోజ్నీ నగరం కూడా 1940 నాటి బాంబుల జాబితాలో ఉన్నదే. ఒకరు లక్ష్యమన్నారు, ఒకరు ఆయుధమన్నారు, ఒకరు ద్రోహులన్నారు. మనుషులు అన్నవారు లేరు.

ఇది ఎక్కడో కొండల అవతలి సంగతి అనుకోవద్దు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ ఊళ్ల వారికి జపానుతో ఏ తగాదా ఉంది? ఒక్కటే తప్పు. వారి రేవులు ఎవరి పటం మీదనో గుర్తుపడ్డాయి. విశాఖ ఖాళీ చేసి బండ్ల మీద, కాలినడకన పల్లెలకు పోయిన కుటుంబాలలో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. పటం మీద చుక్కగా మారడమంటే ఏమిటో తెలుగువారికి ఆ రోజు తెలిసింది.

యుద్ధానికి ముందే హద్దులు గీసుకోవడం కొత్త సంగతి కాదు. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) షామ్ వైపు సైన్యాన్ని పంపుతూ, స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, ఫలమిచ్చే చెట్లు నరకవద్దని, జనం నివసించే చోట్లను పాడు చేయవద్దని ఆదేశించిన సంగతి మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మన చరిత్రలోని పాలకులందరూ ఆ మాటను పాటించారని మేము చెప్పబోవడం లేదు. పాటించని వారి జాబితా పెద్దదే. కాని సైన్యం బయలుదేరక ముందే, పథకంలోనే, అవతలి ఊరి మనుషులకు చోటు ఉండాలన్న నియమం ఆ ఆదేశంలో ఉంది. అదే షామ్ గడ్డ మీద 1940లో సిద్ధమైన పథకంలో ఆ చోటు లేదు. అదే మా అభ్యంతరం. పథకం వేయడం తప్పు కాదు. మనుషులను వదిలివేసి పథకం వేయడం తప్పు.

ఇప్పుడు మన సంగతి. యుద్ధ వార్తలు రాగానే మనలో చాలామంది సేనాధిపతులమైపోతాము. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, జుమా నమాజు తర్వాత మస్జిదు మెట్ల దగ్గర నిలబడి, ఫలానా దేశం ఫలానా నగరాన్ని కొడితే తీరిపోతుందని తీర్పు చెబుతాము. క్రికెట్ స్కోరు అడిగినట్టు ఎన్ని విమానాలు, ఎన్ని క్షిపణులు అని అడుగుతాము. చనిపోయినవారు మనవారైతే కన్నీరు, కాకపోతే లెక్క. ఇది దలాదియే కాగితానికి ఏమంత దూరం? అతని పటం బల్ల మీద ఉంది, మన పటం నాలుక మీద ఉంది.

కనుక మేము కోరేది పెద్ద పని కాదు. ఒక నగరాన్ని కొట్టాలని ఎవరైనా అన్నప్పుడు, ఆ నగరంలో ఎవరుంటారని అడుగుదాం. మీకు విముక్తి తెస్తామని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాట ఏ కాగితం మీద ఉన్నదో, దాని పై వాక్యంలో ఏముందో చూద్దాం. అడిగేటప్పుడు ఆ నగరం పేరు అరబీలో ఉన్నదా, రష్యన్‌లో ఉన్నదా, మరొక భాషలో ఉన్నదా అని చూడవద్దు. హెల్సింకీ మీద సోవియట్ బాంబులు పడ్డ రోజున ఏడ్చిన తల్లి, బాకూలో ఆ ఏడుపు తప్పించుకున్న తల్లి, విశాఖ నుండి పిల్లలను ఎత్తుకొని పరుగెత్తిన తల్లి, ముగ్గురూ మనకు ఒకటే కావాలి.

పిల్లలకు పాఠశాలలో ప్రపంచ పటం ఇస్తారు. రాజధానులు గుర్తించమంటారు. ఈ శుక్రవారం ఇంట్లో ఆ పటం విప్పి, కాస్పియన్ సముద్రం పక్కన బాకూ ఎక్కడుందో పిల్లలకు చూపండి. అక్కడ చమురు దొరుకుతుందని చెప్పండి. అక్కడ మనలాంటివారు ఉంటారని కూడా చెప్పండి. ముందుగా రెండవది చెప్పండి.